కత్తెర పట్టిన అమ్మాయికి హార్టికల్చర్ సరైన దారేనా?

బెంగళూరు కేఆర్ పురం నుంచి ఒక అమ్మ రాశారు. కూతురు సెకండ్ పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడు, లెక్కలూ బయాలజీ రెండూ ఉండే పీసీఎంబీ. సాయంత్రమైతే చాలు, అపార్ట్‌మెంట్ మాలి వెంట కత్తెర పట్టుకుని తిరుగుతుందట, గేటు దగ్గర డురాంటా పొదని నెమలిగా మలిచిందట. ఇదే నేర్చుకుంటానంటే వాళ్ల నాన్న "తోటమాలి పనికా ఇంత చదివించింది?" అని అలిగి కూర్చున్నారు.

అమ్మా, ముందు ఆయనకి ఒక సంగతి చెప్పండి. దాదాపు 1900 ఏళ్ల కిందట చిన్న ప్లినీ అనే రోమన్ రచయిత తన తోట గురించి ఒక ఉత్తరంలో రాశాడు. అక్కడ పొదల్ని అక్షరాలుగా కత్తిరించారట, వాటిలో కొన్ని యజమాని పేరు చెబితే కొన్ని ఆ పొదల్ని మలిచిన పనివాడి పేరు చెప్పేవట. ఎంత గౌరవం చూడండి! పొదల్ని ఇలా ఆకారాలుగా మలిచే కళకి టోపియరీ అనే మాట కూడా ఆనాటి తోటపనివాళ్లని పిలిచిన పేరు నుంచే వచ్చింది. ఇంగ్లండ్‌లో లెవెన్స్ హాల్ తోటని 1690లలో వేశారు, అప్పటి చెట్లు కొన్నిటిని మాలీలు తరతరాలుగా ఇప్పటికీ కత్తిరిస్తూనే ఉన్నారు.

నెమలిని చెయ్యడం కన్నా నిలబెట్టడమే కష్టం. కొమ్మ చివర తుంచితే పక్క మొగ్గలు లేస్తాయి, పొద గుబురయ్యేది అలాగే. పైన వెడల్పు, కింద సన్నం అయ్యేలా కత్తిరిస్తే మాత్రం అడుగుకి ఎండ తగలక ఆకు రాలి బోసిపోతుంది. ఆ నెమలి ఆరు నెలలకి ఎలా ఉందో నాకు రాయండి. విసుక్కోకుండా మళ్లీ మళ్లీ సరిచేస్తూ ఉంటే ఆ ఇష్టం నిజమైనదే, నాకు సందేహం లేదు.

చదువంటారా, నాలుగేళ్ల బీఎస్సీ హార్టికల్చర్. మీ బెంగళూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జీకేవీకే క్యాంపస్‌లోనే కాలేజీ ఉంది, మన ఆంధ్ర వైపైతే వెంకట్రామన్నగూడెం. మట్టి, ఎరువులు, తెగుళ్లు అక్కడ నేర్పుతారు గానీ చేతికి పదును కత్తెర పట్టి తిరిగితేనే వస్తుంది, అందుకని సెలవుల్లో రాజమండ్రి దగ్గర నర్సరీల ఊరు కడియం పంపండి, తీగ చట్రాలకి మొక్కల్ని అల్లే నర్సరీలో నెల రోజులు కూర్చోనివ్వండి. మొదట్లో జీతం తక్కువే, దాచను. నిలకడైన రాబడి అపార్ట్‌మెంట్లు, టెక్ పార్కుల తోటల్ని నెలవారీగా చూసుకునే కాంట్రాక్టుల్లో ఉంటుంది.

వాళ్ల నాన్నని జనవరి పూల ప్రదర్శనకి లాల్‌బాగ్ తీసుకెళ్లండి. 1908లో అక్కడికి వచ్చి ఈ ఊరి వీధుల్ని పూలచెట్లతో నింపిన జర్మన్ క్రుంబీగల్ కూడా తోటపని నేర్చుకున్న మనిషేనని నడుస్తూ చెప్పండి.