ఫెచ్‌తో ఫైలు పంపితే శాతం ఎందుకు రాదు? 100 దగ్గర గీత ఎందుకు నిలబడిపోతుంది?

మీరు అడిగినవి రెండు. పేజీ మారకుండా వెనకాల సర్వరుతో మాట్లాడేందుకు బ్రౌజరులో ఉన్న కొత్త సాధనం ఫెచ్, దానితో ఫైలు పంపుతుంటే ఎంత శాతం వెళ్లిందో ఎందుకు తెలియదు? అదే పని చేసే పాత సాధనం ఎక్స్‌హెచ్‌ఆర్‌తో పంపితే, ఎంత వెళ్లిందో చూపే గీత 100 శాతానికి చేరాక కూడా పని ఎందుకు ముగియదు? ఫెచ్‌కు శాతం చేర్చడం చిన్న విషయమేనని కూడా అన్నారు. రెండోదానితోనే మొదలుపెడతాను. అది అర్థమైతే మొదటిది సగం తేలినట్టే.

నేను నల్లగొండలో ఉంటూ చిన్న వ్యాపారాలకు వెబ్ పేజీలు చేసిపెడుతుంటాను. దేవరకొండలో ఒక నెట్ సెంటర్ కోసం పత్రాలు పంపే పేజీ ఒకటి నా చేతికి వచ్చింది, అంతకుముందు వేరెవరో రాసినది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ నకలు, ఫొటో కలిపి ఒక పీడీఎఫ్ చేసి పంపుతారు. కరెంటు పోతే ఫోను హాట్‌స్పాటే దిక్కు. పక్కన కూర్చుని చూశాను. బటన్ నొక్కగానే పచ్చగీత ఒక్క ఊపున చివరికంటా పోయింది, ఆపైన ఉలుకూ పలుకూ లేదు. కౌంటరు అవతల నిలబడ్డ రైతు "అయిపోయింది కదా బాబూ, రసీదు ఇవ్వు" అన్నాడు. ఆపరేటరు కూడా అదే అనుకుని ట్యాబ్ మూసేశాడు. ఫైలు సర్వరుకు చేరనే లేదు.

గీత అబద్ధం చెప్పలేదు. బ్రౌజరు లెక్కపెట్టేది సర్వరుకు చేరిన బైట్లను కాదు, తన చేతి నుంచి దాటించిన బైట్లను. అవి ముందు ఆపరేటింగ్ సిస్టమ్ బఫరులో (బయటికి పోయేముందు డేటా ఆగే చోటు) పడతాయి, అక్కడి నుంచి టవరుకు, ఆపైన సర్వరుకు. ఫైలు చిన్నదైతే దాదాపు అంతా బఫరులోనే ఇమిడిపోతుంది, గీత వెంటనే నిండిపోతుంది. అందుకే ఎక్స్‌హెచ్‌ఆర్ ప్రమాణంలో (బ్రౌజర్లు పాటించే నియమాల పత్రం) "లోడ్" ఈవెంట్, అంటే బ్రౌజరు మన కోడుకు పంపే కబురు, రెండు చోట్ల వస్తుంది. అప్‌లోడ్ ఆబ్జెక్టు మీద వచ్చేదానికి అర్థం పంపడం ముగిసిందని. అసలు రిక్వెస్ట్ మీద వచ్చేదానికి అర్థం సర్వరు జవాబు పూర్తిగా అందిందని. రసీదు ఇవ్వాల్సింది రెండోది వచ్చాకే, అదీ పని కుదిరిందో లేదో సర్వరు చెప్పే స్టేటస్ కోడ్ చూశాకే. ఆ పేజీ రాసినవారు మొదటిదాన్ని చూసి "విజయవంతం" అని పెట్టారు. ఇలాంటి పేజీలు నాకు తరచుగా ఎదురవుతూనే ఉంటాయి.

ఇక ప్రమాణం సంగతి. ఎక్స్‌హెచ్‌ఆర్ పూర్తి పేరు ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీ రిక్వెస్ట్, అది 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వచ్చింది. అప్పట్లో రిక్వెస్ట్ ఏ దశలో ఉందో చెప్పే రెడీస్టేట్ అనే అంకె తప్ప మరో ఆనవాలు లేదు. శాతం కావాలంటే ఫ్లాష్ ప్లగిన్ పెట్టుకోవాలి, లేదా "ఎంత వచ్చింది?" అని సర్వరునే పదేపదే అడగాలి. ఆ తర్వాత ప్రోగ్రెస్ ఈవెంట్స్‌కు విడిగా ఒక ప్రమాణం రాశారు. 2014 ఫిబ్రవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని సిఫారసుగా ప్రకటించింది. ఇప్పుడు ఆ పాఠం బ్రౌజరు తయారీదారుల బృందం వాట్‌డబ్ల్యూజీ వారి ఎక్స్‌హెచ్‌ఆర్ ప్రమాణంలోనే ఉంది.

అందులో నాకు బాగా నచ్చింది లెంగ్త్‌కంప్యూటబుల్. లోడెడ్ (ఇప్పటిదాకా కదిలిన బైట్లు), టోటల్ (మొత్తం బైట్లు) అనే రెండు అంకెల పక్కన "ఈ టోటల్‌ను నమ్మవచ్చా?" అని చెప్పే అవును, కాదు జెండా అది. మిర్యాలగూడ మిల్లుకు వే బిల్లు (సరుకు ఎంతో రాసిన చీటీ) లేకుండా లారీ వస్తే దించిన బస్తాలు లెక్కపెట్టగలం కానీ పని సగమైందో పావు వంతైందో చెప్పలేం. డౌన్‌లోడ్‌లో కంటెంట్-లెంగ్త్, అంటే జవాబు ఎన్ని బైట్లో సర్వరు ముందే చెప్పే అంకె, ఆ బిల్లు లాంటిది. సర్వరు దాన్ని పంపకపోతే టోటల్ సున్నా, జెండా "కాదు" అంటుంది. జీజిప్ కుదింపు (దారిలో ఫైలును చిన్నది చేసి పంపి బ్రౌజరులో విప్పడం) ఉంటే మరో చిక్కు: బిల్లులో రాసింది బియ్యం బరువు, మనం దించుకుంటున్నది ధాన్యం. అందుకే కుదించిన ఫైళ్లకు బ్రౌజర్లు సాధారణంగా మొత్తం తెలియదనే చెబుతాయి. ఫెచ్‌లో స్ట్రీమ్ (ముక్కలుగా వచ్చే డేటా) చదువుతూ మీరే కంటెంట్-లెంగ్త్‌తో భాగిస్తే 100 దాటి 300 శాతం కూడా కనిపిస్తుంది. జెండా కాదంటే శాతం కల్పించకండి. ప్రోగ్రెస్ ట్యాగుకు వాల్యూ ఇవ్వకుండా వదిలేస్తే అదే "తెలియదు" అని చూపించే కదిలే గీత అవుతుంది.

ఫెచ్ ఎందుకు వెనకబడింది? అది ప్రామిస్ (ఫలితం తర్వాత చెబుతానన్న మాట) మీద కట్టినది, ప్రామిస్ ఒక్కసారే పలుకుతుంది. మధ్యలో కబుర్లు చెప్పే చోటు దానికి లేదు. జవాబు స్ట్రీమ్‌గా వస్తుంది కనుక డౌన్‌లోడ్‌ను ముక్కముక్కగా లెక్కించవచ్చు. అప్‌లోడ్‌కు ఆ వెసులుబాటు లేదు. ఫెచ్‌ఆబ్జర్వర్ పేరుతో ఒక ప్రతిపాదన వచ్చింది కానీ ప్రమాణంలోకి ఎక్కలేదు. ఇది చిన్న విషయమన్నారు మీరు, నేను ఒప్పుకోను. 307 రీడైరెక్ట్ (వేరే చిరునామాకు వెళ్లమనే జవాబు) వచ్చి అదే ఫైలు మళ్లీ పంపాల్సి వస్తే గీతను వెనక్కి లాగాలా? మధ్యలో సర్వీస్ వర్కర్ (పేజీకీ నెట్‌వర్కుకూ మధ్య నిలబడే స్క్రిప్టు) ఉంటే ఎవరికి అందినవి లెక్క? ఇవి తేల్చకుండా ప్రమాణం రాస్తే ఒక్కో బ్రౌజరు ఒక్కో లెక్క చెబుతుంది. 2022లో క్రోమ్ 105 నుంచి రిక్వెస్ట్‌నూ స్ట్రీమ్‌గా పంపవచ్చు, కానీ దానికి కనీసం హెచ్‌టీటీపీ/2 (సర్వరుతో మాట్లాడే పద్ధతి కొత్త రూపు) అయినా ఉండాలి, పైగా అక్కడ మీరు లెక్కపెట్టేది కూడా బ్రౌజరు లోపలికి లాక్కున్న బైట్లనే.

కాబట్టి అప్‌లోడ్‌కు మొహమాటం లేకుండా ఎక్స్‌హెచ్‌ఆర్ వాడండి. లిజనర్లు (ఈవెంట్లను వినే ఫంక్షన్లు) పంపే ఆదేశమైన సెండ్‌కు ముందే పెట్టండి. తర్వాత పెడితే అప్‌లోడ్ ఈవెంట్లు రావు. వేరే డొమైనుకు పంపుతుంటే ఆ లిజనర్ల వల్లే సీఓఆర్ఎస్ ప్రీఫ్లైట్ (వేరే డొమైనుకు అసలు ఫైలుకు ముందు అనుమతి అడిగే రిక్వెస్టు) తప్పనిసరి అవుతుంది, ఆప్షన్స్ అనే ఆ రిక్వెస్టుకు సర్వరు సరైన జవాబు ఇవ్వాలి. ప్రోగ్రెస్ ఈవెంట్ సుమారు 50 మిల్లీసెకన్లకు ఒకసారి మించి రాదు కనుక దాన్ని మీరు మళ్లీ అదుపు చేయనక్కర్లేదు. తిరిగే చక్రాన్ని లోడ్‌ఎండ్ ఈవెంట్‌లో ఆపండి. గెలిచినా, ఓడినా, రద్దయినా అది వస్తుంది.

చివరగా, మీరు అడగకపోయినా ఒకటి. సిగ్నల్ మధ్యలో పోతే ఏ ఈవెంటూ రాకుండా చాలాసేపు గడిచిపోవచ్చు. అచ్చంపేట దాటి మన్ననూరు వైపు అడవిలోకి వెళ్లి ఏదైనా పంపి చూడండి. వీడియో, ఆడియో ట్యాగులకు సుమారు 3 సెకన్లు డేటా రాకపోతే స్టాల్డ్ అనే ఈవెంట్ ఉంది. ఎక్స్‌హెచ్‌ఆర్‌కు అలాంటిది లేదు, టైమౌట్ కూడా మీరు ఇవ్వకపోతే సున్నా, అంటే గడువే లేదు. ప్రోగ్రెస్ వచ్చిన ప్రతిసారీ ఒక టైమరును మొదటికి తిప్పండి. అది మోగితే "నెట్ ఆగినట్టుంది, పేజీ మూయకండి" అని, గీత నిండి జవాబు రాకపోతే "సర్వరు జవాబు కోసం చూస్తున్నాం" అని తెలుగులోనే పెట్టండి. నేను ఆ దేవరకొండ పేజీలో పెట్టినవి ఈ రెండు వాక్యాలే.