దేవుడు భయంలోంచే పుట్టాడా?

ప్రశ్న: మాది పెద జాలారిపేట. మా ఇంట్లో మగవాళ్లు చేపల వేటకి వెళ్లాలంటే ముందు కొబ్బరికాయ కొట్టి గంగమ్మకి దణ్ణం పెట్టాల్సిందే. డిగ్రీ చదువుతున్న మా అబ్బాయేమో దేవుడు భయంలోంచి పుట్టాడు, సైన్స్ ఎప్పుడో తేల్చేసింది అంటాడు, వాళ్ల నాన్నతో రోజూ గొడవే. నిజంగా తేల్చేసిందాండీ? - ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తేల్చలేదమ్మా. మీ వాడు చెప్పేదాంట్లో కొంత నిజం మాత్రం ఉంది, అది కూడా వేట దగ్గరే దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో మాలినోవ్‌స్కీ అనే పరిశోధకుడు న్యూగినీ పక్కన ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి అక్కడి జనం చేపలు పట్టడం దగ్గర్నుంచి చూశాడు. లోపలి మడుగులో నీళ్లు కదలవు, చేప గ్యారంటీ, ప్రాణభయం లేదు, అక్కడ మంత్రం తంత్రం ఏమీ లేవు. అదే మనుషులు బయటి సముద్రంలోకి వెళ్తే మాత్రం తంతు లేకుండా కదలరు. అలాగని మంత్రం మీద భారం వేసి పని మానేసినవాళ్లు కాదు, పడవ కట్టడం, గాలి, అలలు అన్నీ క్షుణ్ణంగా తెలిసినవాళ్లే. మీ ఇంట్లో కూడా కొబ్బరికాయ కొట్టాం కదా అని ఇంజన్ చూసుకోకుండా వెళ్లరు కదా.

కానీ భయం ఒక్కటే అయితే మనిషి పారిపోవాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. సముద్రంతో మాట్లాడటం ఎందుకు, అమ్మా కాపాడు అనడం ఎందుకు? భయం అనే జవాబు ఇక్కడ ఆగిపోతుంది, నాకు అసలు ఆసక్తి ఇక్కడే మొదలవుతుంది. డార్విన్ 1871లో తన కుక్క సంగతి ఒకటి రాశాడు, ఎండలో లాన్ మీద పడుకున్న కుక్క, కాస్త దూరంలో తెరిచి ఉన్న గొడుగు గాలికి కదిలినప్పుడల్లా గుర్రుమందట, కనపడకుండా ఎవరో కదుపుతున్నారన్నట్టు. 1944లో హైడర్, సిమ్మెల్ అనే ఇద్దరు సైకాలజిస్టులు రెండు త్రికోణాలు, ఒక సున్నా తెర మీద అటూ ఇటూ తిరిగే చిన్న ఫిల్మ్ చూపించి ఏం కనిపించిందో చెప్పమంటే, దాదాపు అందరూ పెద్ద త్రికోణం చిన్నదాన్ని వేధిస్తోంది, అది తప్పించుకుంటోంది అని కథే చెప్పారు. గీతల్లో కూడా మనసుని, ఉద్దేశాన్ని చూసే బుర్ర మనది. జస్టిన్ బారెట్ అనే సైకాలజిస్టు లాంటివాళ్లు ఏమంటారంటే, రాత్రిపూట పొదల్లో అలికిడైతే గాలేలే అనుకుని పొరపాటు పడితే ప్రాణం పోతుంది, ఎవరో ఉన్నారనుకుని పొరపాటు పడితే పోయేది ఒక పరుగే, అందుకని ఎందుకైనా మంచిదని ఎవరో ఉన్నారనుకునే బుర్రలే తరతరాలుగా మిగిలాయని.

వినడానికి బాగుంది కానీ దీనికి నేరుగా రుజువులు తక్కువ, ప్రయోగాల్లో అంత గట్టిగా నిలబడలేదు. పైగా గాలి అని తేలాక ఆ అలికిడిని మర్చిపోతాం, గంగమ్మని మర్చిపోలేదే! ఇక్కడ మతం ఎలా పుట్టిందో పరిశోధించిన పాస్కల్ బోయర్ మాట పనికొస్తుంది: మామూలు మనిషిలా ఉంటూ ఒకటి రెండు విషయాల్లోనే వింతగా ఉండేవాళ్లు బాగా గుర్తుండిపోతారు, అంతా వింతే అయితే బుర్రలో నిలవదు. మన బురుజుపేట కనకమహాలక్ష్మినే చూడండి, పైకప్పు లేకుండా ఆరుబయట కూర్చుంటుంది, మన చేత్తో మనమే పసుపు కుంకుమ పెట్టొచ్చు, మన మాట వింటుంది, అలుగుతుంది, కరుణిస్తుంది, అన్నీ ఇంట్లో పెద్దావిడ లక్షణాలే, శక్తి మాత్రం మనిషిది కాదు. ఇంకా ముఖ్యమైంది, పిల్లలు ఊరికే చెప్పినదానికంటే ఎక్కువగా నమ్మేది, పెద్దవాళ్లు సొంత ఖర్చుతో, సొంత కష్టంతో చేసేదాన్ని. మీ వాడు చిన్నప్పట్నుంచి చూసింది వాళ్ల నాన్న చేతిలో కొబ్బరికాయని.

ఇక దేవుడు ఉన్నాడా లేడా అన్నది వీటిలో ఏదీ తేల్చదు. నమ్మకం బుర్రలోకి ఏ దారిన వచ్చిందో చెప్పినంత మాత్రాన అది నిజమో అబద్ధమో చెప్పినట్టు కాదు. ఈ ముక్క మీ అబ్బాయికీ చెప్పండి, వాళ్ల నాన్నగారికీ చెప్పండి.

ప్రశ్న: సింహాచలం గిరిప్రదక్షిణకి 32 కిలోమీటర్లు నడిచి కాళ్లు బొబ్బలెక్కించుకోవడం వల్ల మనిషి జాతికి ఏం లాభం? పరిణామంలో ఇలాంటి దండగ ఎలా మిగిలింది? - ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: దండగో కాదో అన్నదాని మీదే పెద్ద వాదన ఉందండి. మతం వేరే పనులకి తయారైన బుర్ర నుంచి ఊరికే పుట్టుకొచ్చిందని కొందరు, గుంపుని కలిపి ఉంచింది కాబట్టే నిలిచిందని కొందరు. రెండోవాళ్ల దగ్గర మంచి ఆధారాలున్నాయి. స్పెయిన్‌లో శాన్ పెడ్రో మాన్రికే అనే ఊళ్లో ఏటా నిప్పుల మీద నడుస్తారు, మన దగ్గర గుండం తొక్కినట్టే. నడిచేవాళ్ల గుండె కొట్టుకునే తీరు, చూస్తూ కూర్చున్న వాళ్ల బంధువుల గుండె తీరు ఒకేలా ఎక్కి దిగాయి, సంబంధం లేని ప్రేక్షకులకి అలా జరగలేదు (2011లో వచ్చిన ఫలితాలు). మారిషస్‌లో కావడి మోసే తమిళుల మీద చేసిన స్టడీలో ఎక్కువ నొప్పి పడ్డామన్నవాళ్లు దానంగా ఎక్కువ డబ్బులిచ్చారు. మన గిరిప్రదక్షిణ రోజున రోడ్డు పొడుగునా ముక్కూ మొహం తెలియనివాళ్లకి మజ్జిగ పోసే జనాన్ని చూసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు, నాకైతే ఆ మజ్జిగే ఈ ప్రశ్నకి సగం జవాబు.

అయితే తప్పు చేస్తే శిక్షించే పెద్ద దేవుళ్ల వల్లే పెద్ద పెద్ద సమాజాలు నిలబడ్డాయని ఆరా నోరెంజయాన్ అనే సైకాలజిస్టు 2013లో పుస్తకమే రాశాడు, దాని మీద మాత్రం తొందరపడి ఒప్పుకోవద్దు. కాదు, సమాజాలు పెద్దవయ్యాకే అలాంటి దేవుళ్లు వచ్చారని 2019లో ఇంకో బృందం పేరున్న జర్నల్లో పేపర్ వేసింది, సమాచారం లేని చోట్ల అలాంటి దేవుళ్లు లేనట్టే లెక్క కట్టారని విమర్శలొచ్చి 2021లో ఆ పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు. ఏది ముందో ఇంకా తేలలేదు.