ఆసుపత్రుల్లోనే మందులకు లొంగని బ్యాక్టీరియా ఎందుకు ఎక్కువ?

యాంటీబయోటిక్స్‌ను విపరీతంగా వాడటం, బలహీనంగా ఉన్న రోగులు, ఒకరి నుంచి ఒకరికి సోకే దారులు మూడూ ఒకేచోట కలవడం వల్లే ఆసుపత్రుల్లో మందులకు లొంగని బ్యాక్టీరియా ఎక్కువ.

మందు పడగానే దానికి లొంగే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. జన్యువుల్లో మార్పు వల్ల తట్టుకోగలిగినవి మాత్రం మిగులుతాయి. ఇక పోటీ ఉండదు కాబట్టి అవే పెరుగుతాయి. ఇంకా భయపెట్టే విషయం, తట్టుకునే జన్యువులను ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ చక్రాల ద్వారా వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందిస్తాయి. ఐసీయూలో వెంటిలేటర్ గొట్టం, మూత్రానికి పెట్టే క్యాథెటర్, సెలైన్ సూది లాంటివి శరీరపు సహజ రక్షణను దాటి వాటికి లోపలికి దారి ఇస్తాయి. సరిగా కడగని చేతులు వాటిని మంచం నుంచి మంచానికి మోస్తాయి.

ఉదాహరణకు ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే మెథిసిలిన్ అనే యాంటీబయోటిక్‌కు లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా. పెన్సిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్ కోసం మెథిసిలిన్ తెచ్చారు. అది వాడకంలోకి వచ్చిన కొద్దికాలానికే, 1961లో, దానికీ లొంగని రకం బ్రిటన్‌లో బయటపడింది. మందు సరిగా అతుక్కోలేని వేరే ప్రోటీన్‌ను అది తయారు చేసుకుంటుంది.

మందులు ఎక్కువ వాడితే ఒంటికి అలవాటైపోయి పనిచేయవని చాలామంది అనుకుంటారు. అలవాటు పడేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. అందుకే యాంటీబయోటిక్ ఎన్నడూ వాడని మనిషికి కూడా ఆసుపత్రిలో ఇలాంటి ఇన్ఫెక్షన్ సోకవచ్చు.