రెపో రేటు తగ్గినా ఈఎంఐ ఎందుకు తగ్గలేదు

నమస్కారమండీ. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ వరకు రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తాను ఇచ్చే స్వల్పకాలిక అప్పుపై వడ్డీని) 6.50 నుంచి 5.50 శాతానికి దించినా, 2017లో గాజువాక ఇంటి కోసం బ్యాంకులో తీసుకున్న ఫ్లోటింగ్ (వడ్డీ రేటు మారుతుండే) రుణంపై మీ ఈఎంఐ మారలేదని రాశారు. చిక్కు రుణం తీసుకున్న ఆ సంవత్సరంలోనే ఉందని నా అభిప్రాయం. కొత్త గృహరుణాలను రెపో వంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టి, కనీసం మూడు నెలలకొకసారి వడ్డీని సవరించాలన్న నిబంధన 2019 అక్టోబరు 1 నుంచే అమలులోకి వచ్చింది. మీ రుణం బహుశా ఎంసీఎల్ఆర్ కిందనే ఉండి ఉంటుంది. అది బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి లెక్కగట్టే రేటు కనుక, డిపాజిట్లపై ఇచ్చే వడ్డీ తగ్గితే తప్ప పెద్దగా దిగదు, పైగా సవరణ తేదీ ఏడాదికొకసారే రావచ్చు. 2020 మార్చిలో కరోనా సంక్షోభం వేళ రెపోను ఒకేసారి 0.75 శాతం తగ్గించినప్పుడు మద్దిలపాలెంలోని మా ఇంటి రుణానికీ ఇదే జరిగింది. నేను అడిగేవరకు బ్యాంకు మార్చలేదు.

ముందుగా స్టేట్‌మెంటులో మిగిలిన నెలల సంఖ్య చూడండి, ఎందుకంటే కొన్నిసార్లు వాయిదాను అలాగే ఉంచి గడువును తగ్గిస్తారు. అదీ తగ్గకపోతే, రెపో ఆధారిత రేటుకు మార్చమని శాఖలో రాతపూర్వకంగా కోరండి. సహేతుకమైన పరిపాలనా, న్యాయపరమైన ఖర్చులు తప్ప వేరే రుసుము వసూలు చేయకూడదు. సంతకం చేసే ముందు రెపోపై బ్యాంకు అదనంగా కలిపే శాతం, అంటే స్ప్రెడ్, ఎంతో తప్పక అడగండి.