ఫ్రెంచ్ డిఫెన్స్‌లో ఆ 'పనికిరాని' బిషప్పే నన్ను గెలిపించింది

చదరంగంలో తెల్లవాడు రాజు ముందు బంటుని ఈ4కి జరిపితే నల్లవాడు ఈ6 ఆడటమే ఫ్రెంచ్ డిఫెన్స్ (ఈ4, సీ8 లాంటివి గడుల పేర్లు). అలా ఆడితే సీ8 బిషప్ సొంత బంట్ల వెనకే ఇరుక్కుపోతుంది కదా, నల్లపావులతో టోర్నమెంట్‌లో ఎవరైనా గెలిచారా అని ఒకరు అడిగారు. గెలిచారు. 1834లో లండన్, పారిస్ వాళ్ళు ఉత్తరాల మీద మొదలుపెట్టిన పోటీలో పారిస్ ఈ6 ఆడి నెగ్గింది, ఫ్రెంచ్ అన్న పేరు అక్కడిదే. 1960లో బ్యూనస్ ఐరిస్‌లో తూర్పు జర్మనీ గ్రాండ్‌మాస్టర్ ఉల్‌మాన్ దీంతోనే, తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన ఫిషర్‌ని ఓడించాడు. నాది అంత గొప్ప కథ కాదు, విజయవాడలో ఒక ఓపెన్ టోర్నమెంట్.

అంతకుముందు ఏడాది నల్లపావులతో ఇదే లైన్‌లో (ఎత్తుల వరసలో) చిత్తుగా ఓడాను. ఈ4 ఈ6 తర్వాత ఎత్తులు ఇవి, ప్రతి జతలో ముందు తెల్లది, తర్వాత నాది. డీ4 డీ5, ఈ5 సీ5, సీ3 గుర్రం సీ6, గుర్రం ఎఫ్3 క్వీన్ బీ6, బిషప్ డీ3. డీ4లో బంట్లు మార్చుకున్నాం. మిగిలిన డీ4 బంటు ఊరికే దొరుకుతోంది కదా అని గుర్రంతో కొట్టాను. అతను గుర్రంతో కొట్టాడు, నేను క్వీన్‌తో కొట్టాను. బిషప్ బీ5, చెక్! బిషప్ పక్కకి జరగ్గానే వెనకున్న తెల్ల క్వీన్ ఎదురుగా నా క్వీన్. ముందు చెక్ తప్పించుకోవాలి కాబట్టి క్వీన్ పోయినట్టే. 9 ఎత్తుల్లో నా పని అయిపోయింది.

ఈసారి సరిగ్గా అక్కడికే వచ్చాం. పది నిమిషాలు ఆలోచించాను (ఆలోచించడానికేం లేదు, టెన్షన్ అంతే). 7వ ఎత్తుగా బిషప్‌ని డీ7లో పెట్టాను. ఇక ఆ చెక్ లేదు. అతను క్యాజిలింగ్ చేశాక (రాజుని ఏనుగు చాటుకి భద్రంగా జరిపాక) నిశ్చింతగా బంటు తిన్నాను. తెల్లవాడు ఇలా బంటు వదులుకోవడాన్ని మిల్నర్-బారీ గాంబిట్ అంటారు, మిల్నర్-బారీ అనే ఇంగ్లీష్ ఆటగాడి పేరు మీద. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల కోడ్‌లు ఛేదించినవాళ్ళలో ఒకరు. తెల్లవాడికి బంటు మీద కాదు, ఎటాక్ మీద ఆశ. అందుకే ఈ5 బంటు కూడా కనిపిస్తుంది కానీ నేనైతే తినను, నా రాజు మధ్యలో ఉండగా దాని ఎదురుగా 'ఈ' అక్షరం నిలువు వరస తెరుచుకుంటుంది. ఏ6 ఆడి, రెండో గుర్రాన్ని ఈ7, సీ6, బీ4 మీదుగా తిప్పి డీ3 బిషప్‌ని కొట్టాను. దాంతో ఎటాక్ చప్పబడింది.

తర్వాతంతా బోరు. చివరికి అతనికి గుర్రం, నాకు ఆ బిషప్, ఒక బంటు ఎక్కువ. బిషప్ బీ5లో తిష్ఠ వేసింది, కదల్చడం అతని వల్ల కాలేదు.

ప్రత్యర్థి ఎనిమిదో తరగతి పిల్లాడు. చెయ్యి కలుపుతూ, "అంకుల్, బిషప్ డీ7 మీకు ముందే తెలుసా? అందరూ బంటు తినేస్తారు" అన్నాడు.