మోటారు కొన్న మేనల్లుడికి

అల్లుడా,

మోటారు కొన్నావనీ, ఈ ఆగస్టు నుంచి అట్జోని రేవులో జనాన్ని ఎక్కించుకుని పై ఊళ్లకు దోనె నడుపుతావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. గర్వంతో నవ్వాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మన సురినామ్ దేశపు సరమాకా తెగలో బిడ్డ తల్లి వంశానిది, నీ మంచిచెడ్డలు మేనమామగా నేను చూడవలసినవి. మోకాళ్లు అరిగి రాజధాని పరమారిబోలో కూర్చుండిపోయి, నీకు ఏరు నేర్పడం సగంలో వదిలేశాను.

పెట్రోలు పీపాలు దోనె నడుమ పెట్టు. పంకా రాయికి తగిలితే విరిగే పిన్నులు అరడజను దగ్గర ఉంచుకో. తాగి వచ్చినవాడిని ఎక్కించుకోకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

గడ మనిషి లేకుండా మాత్రం కదలకు. ఆగస్టు నుంచి నవంబరు దాకా సురినామ్ నది ఎండి, రాళ్లు నీటికి జానెడు కింద పొంచి ఉంటాయి. వెనక మోటారు దగ్గర కూర్చున్నవాడికి అవి కనబడవు. ముందు గడ పట్టుకుని నిలబడ్డవాడి చెయ్యి ఎటు చూపితే అటే నీ దారి.

నీ వయసులో నేను ఇద్దరి ఛార్జీకి ఆశపడి గడ మనిషిని రేవులోనే దించేశాను. ఏరంతా నాకు తెలుసన్నాను. ఆయన మారు మాట్లాడలేదు. గడను దోనెలో పెట్టి, ఒడ్డున కూర్చున్నాడు. నడుమ మీ అమ్మ, ఒళ్లో మూడేళ్ల మీ అక్క, కాళ్ల మధ్య కుట్టుమిషను. నగరంలో ఇళ్లలో పనిచేసి కూడబెట్టి కొనుక్కున్నది. నీళ్లు రాళ్ల మీద ఉరకే చోట అంతా నురగ, ఒక్కచోట మాత్రం గాజులా నున్నగా ఉంది. అదే లోతనుకున్నాను. రాతిబండ మీద పలచగా జారే నీరు కూడా అలాగే మెరుస్తుందిరా! పిన్ను విరిగింది, దోనె అడ్డం తిరిగి బోల్తాపడింది. అందరం రాళ్లు పట్టుకుని బతికాం. మీ అమ్మ పిల్లను రెండు చేతులా నెత్తిమీదికి ఎత్తి పట్టుకుంది. మిషను పోయింది.

ఆమె ఇప్పటికీ దాని మాట ఎత్తలేదు. ఆ రాత్రి కర్రపెండలం రొట్టె ముందు నాకే పెట్టింది. ఏటా నీళ్లు తగ్గగానే ఆ మడుగులో గడతో తడిమి చూసేవాడిని.

ఆ రాళ్లను తిట్టకు. తోటల్లో బానిసత్వం నుంచి తప్పించుకున్న మనవాళ్లు డచ్చివాళ్ల సైనికులకు అందకుండా వాటికి ఎగువకు వచ్చి బతికారు. 1762లో ఒడంబడిక చేసుకునేదాకా అవే మనకు కోటగోడలు. మా అమ్మమ్మకు చప్పుడు చేసే నీళ్లంటే భయం లేదు. 1964లో అఫోబాకా ఆనకట్ట వెనక నీళ్లు చప్పుడు లేకుండానే ఆమె ఊరిని మింగాయి. దాదాపు ఆరు వేలమంది ఇళ్లు వదిలారు. నిశ్శబ్దంగా ఉన్న నీటి దగ్గర ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఆ పట్టు నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఆ గడ మనిషి కొడుకు ఊళ్లోనే ఉన్నాడు. వెళ్లి అడుగు, కూలి బేరమాడకు. మొదటి ప్రయాణం రోజు నేనూ బస్సెక్కి అట్జోని వస్తాను. నిలబడలేను గానీ, అతని పక్కన ముందు కూర్చుంటాను. కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి.

నీ మామయ్య