తుఫానుకీ వరదకీ ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలి? సర్వైవల్ కిట్ కొనడం అవసరమా?

మీరు అడిగింది ఇదీ: కాకినాడలో అద్దె ఇల్లు, రెండో అంతస్తు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, పెద్దవాళ్ళు. యూట్యూబ్‌లో సర్వైవల్ ప్రాజెక్టులు, అంటే ఆపదలో బతికి బయటపడడానికి చేతితో చేసుకునే సామాను వీడియోలు చూశారు. ఎనిమిది వేలు పెట్టి కిట్టు కొనడమా, ఇంట్లోనే కొన్ని తయారుచేసుకోవడమా అని ఆలోచిస్తున్నారు.

కిట్టు కొనకండి. ఆ వీడియోలు అడవిలో దారి తప్పినవాడి కోసం తీసినవి. మన కోస్తాలో ఆపద వచ్చేది ఇంట్లో కూర్చుని ఉండగానే. కరెంటు పోతుంది, మోటారు ఆగుతుంది, ఫోను మూగబోతుంది, వీధిలోకి అడుగు పెట్టే వీలుండదు. అక్కడ చెకుముకి రాయి, మడత కత్తి ఏం చేస్తాయి? బిందెలు, తాడు, మూత గట్టిగా పట్టే బకెట్టు కావాలి. నేను కూడా ఆ వీడియోల పిచ్చిలో పడి రకరకాలు చేసినవాణ్ణే. వాటిలో ఏది నిలబడింది, ఏది తుస్సుమంది అన్నదే చెబుతాను.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. అప్పుడు మేం విశాఖలో ఎంవీపీ కాలనీలో ఉండేవాళ్ళం. ముందు రోజు నేను కొవ్వొత్తులు, బ్రెడ్డు కొని తెచ్చి, ఏర్పాట్లు అయిపోయాయనుకున్నాను. దసరాకి వచ్చి ఉన్న మా అత్తగారు మాత్రం బిందెలు, బకెట్లు, కుక్కర్లు, చివరికి పిల్లాడి స్నానం టబ్బు కూడా నింపించారు. ఆవిడది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషి. "ఇంత వాన పడబోతుంటే నీళ్ళు పట్టుకోవడమేంటి అత్తయ్యా" అని నవ్వాను. "వాన నీళ్ళకేం బాబూ, బోలెడు. తాగే నీళ్ళే ఉండవు" అన్నారు. మర్నాడు గాలి గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో వచ్చింది. మా వీధికి ఆరో రోజున కరెంటు వచ్చింది. ఈలోగా ఇరవై రూపాయల నీళ్ళ టిన్ను వంద పెట్టినా దొరకలేదు.

అందుకే మొదట నీళ్ళ సంగతి. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు వేసుకోండి. ఇంట్లో ఆరుగురుంటే మూడు రోజులకు 60, 70 లీటర్లు. అంటే మూడు నాలుగు పెద్ద టిన్నులు, అంతే. వాడకానికి వేరే. దానికి మేడ మీది ట్యాంకు ఉంది కదా అంటారు. ఉంది, కానీ దాన్ని నిండుగా ఉంచాలి, కట్టి ఉంచాలి. మా ఎదురు మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంది. పైపులు తెంపుకుని వచ్చి మా గోడకు తగిలింది. 500 లీటర్ల ట్యాంకు నిండితే అరటన్ను బరువు, అంత తేలిగ్గా కదలదు. గాలి మొదలయ్యేముందు దాని కింది గేట్ వాల్వు కట్టేయండి. లేకపోతే ఎక్కడో ఓ పైపు విరిగి, తెల్లారేసరికి నీళ్ళన్నీ ఖాళీ.

కింద సంపు నిండా నీళ్ళున్నా, మోటారు ఆడకపోతే వాటిని చూస్తూ కూర్చోవాలి. మా బిల్డింగులో ఎవరింట్లోనూ తాడు లేదు! చివరికి రెండు చీరలు ముడేసి బకెట్టు దించాం. అప్పటినుంచి మా ఇంట్లో పది మీటర్ల నైలాను తాడు, ఓ చిన్న స్టీలు బొక్కెన ఉంటాయి. నేను కూడబెట్టిన సామానంతటిలో ఎక్కువగా పనికొచ్చింది అదే. వరదొచ్చి సంపులోకి వీధి నీళ్ళు దిగితే మాత్రం ఆ నీళ్ళు ముట్టుకోకండి, అందులో డ్రైనేజీ కలిసే ఉంటుంది.

ఇక వీడియోల్లో అందరూ చేసే ఫిల్టరు. సీసా అడుగు కోసి, దూది, బొగ్గు, ఇసుక, గులకరాళ్ళు పొరలుగా వేసేది. నేనూ చేశాను. మొదట నల్లటి నీళ్ళు వచ్చాయి, పది సార్లు కడిగాక తేటగా వచ్చాయి. తేటగా ఉన్నంత మాత్రాన క్రిములు పోయినట్టు కాదు. పిల్లల సైన్సు ప్రాజెక్టుకి బాగుంటుంది గానీ, దాన్ని నమ్మి నీళ్ళు తాగకండి. మా అత్తగారి పద్ధతి ఇంతకంటే నయం. పాత పంచె నాలుగు మడతలు వేసి వడగట్టడం, పటిక ముక్కను నీళ్ళలో నాలుగు సార్లు తిప్పి వదిలేయడం. వాళ్ళ అమ్మ కాలంలో చిల్లగింజ అరగదీసి కలిపేవారట. అడుగున బురద దిగుతుంది, పైనున్న నీళ్ళు వంచుకోవచ్చు. పటికైనా, చిల్లగింజైనా బురదకే, క్రిములకి కాదు. ఆ తరవాత కళపెళా మరిగించాలి, మరుగు వచ్చాక ఒక్క నిమిషం ఉంచితే చాలు. గ్యాస్ ఆదా చేయాలంటే మందుల షాపులో క్లోరిన్ బిళ్ళలు దొరుకుతాయి. ఎన్ని లీటర్లకు ఒక బిళ్ళో అట్ట మీదే ఉంటుంది, వేశాక అరగంట ఆగాలి. ఏదీ లేకపోతే రంగులేని ప్లాస్టిక్ సీసాల్లో తేట నీళ్ళు పోసి, మంచి ఎండలో ఆరు గంటలు పడుకోబెట్టండి. మబ్బుగా ఉంటే రెండు రోజులు. తుఫాను మర్నాడు మాకు ఎండ చుర్రున కాసింది, కాబట్టి ఇది వినడానికి అనిపించినంత వింతేమీ కాదు.

వెలుతురు. కొవ్వొత్తులు వద్దు. కిటికీ అద్దం పగిలి గాలి ఇంట్లో తిరుగుతుంటే అవి వెలగవు, వెలిగితే ఇంకా భయం. నాకు బాగా పనిచేసిన ప్రాజెక్టు ఒకటుంది. పాడైపోయిన కంప్యూటర్ యూపీఎస్‌లో 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, ఎక్కువగా 7 ఆంపియర్ అవర్‌ది. బ్యాటరీ బాగుంటే దానికి రెండు వైర్లు, ప్లస్ వైరు మీద 2 ఆంపియర్ల ఫ్యూజు, 12 వోల్టుల డీసీ ఎల్ఈడీ బల్బు ఒకటి, ఐదు వాట్లది. ఆ బల్బు ఎలక్ట్రికల్ షాపులో అడిగితే ఇస్తారు, మామూలు ఇంటి బల్బు వెలగదు. 12 ఇంటూ 7 అంటే 84, దాన్ని ఐదు వాట్లతో భాగిస్తే లెక్కకి పదహారు గంటలు రావాలి. బ్యాటరీని పూర్తిగా పిండకూడదు కాబట్టి ఎనిమిది గంటలు అనుకోండి. రెండు మూడు రాత్రులకు చాలు. ఫ్యూజు మానేయకండి. అంత చిన్న బ్యాటరీ అయినా వైర్లు కలిస్తే నిప్పురవ్వలే.

దీంట్లోనే నాకు తగిలిన దెబ్బ కూడా చెబుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వస్తోందన్నారు. పిల్లలకి గొప్పగా చూపిద్దామని అటక మీంచి ఆ బ్యాటరీ, బల్బు ఉన్న పెట్టె దించి స్విచ్చి వేస్తే చీకటే. ఏడాదిన్నర ఛార్జింగ్ పెట్టకుండా ఉంచితే లెడ్ బ్యాటరీ చచ్చిపోతుంది, ఆ సంగతి నాకు తెలుసు, అయినా పెట్టలేదు. మావాడు "నాన్నా, ఇది పవర్ కట్ బల్బా, పవర్ కట్ అయిన బల్బా" అన్నాడు. తిత్లీ మమ్మల్ని వదిలి పలాస వైపు పోయింది కాబట్టి పరువు మాత్రమే పోయింది. ఇప్పుడు రెండు నెలలకోసారి ఓ ఆదివారం రాత్రి మెయిన్ కట్టేసి, రెండు గంటలు ఆ బల్బుతోనే భోజనాలు కానిస్తాం. అలా చేస్తేనే టార్చిలో సెల్లులు కారిపోయాయని, అగ్గిపెట్టె మెత్తబడిందని బయటపడుతుంది. మీరు ఏం తయారుచేసినా ఇలా ఒకసారి వాడి చూడండి.

ఫోనుకి పవర్ బ్యాంకు సరే, ల్యాప్‌టాప్ కూడా పవర్ బ్యాంకే. ముందే నిండా ఛార్జ్ చేసి, అవసరం పడేదాకా ఆఫ్‌లో ఉంచి, ఫోనుకు మాత్రమే వాడండి. మాటకి సిగ్నల్ అందనప్పుడు కూడా ఎస్సెమ్మెస్ వెళ్ళొచ్చు. వేరే ఊళ్ళో ఉన్న బంధువు ఒకరిని అనుకుని, ఇంట్లో అందరూ ఆయనకే కబురు పంపేలా చెప్పుకోండి. నంబర్లు కాగితం మీద రాయండి. నా భార్య నంబరు నాకే నోటికి రాదని హుద్‌హుద్ వారంలోనే తెలిసింది. అదే కాగితం మీద 112, 108, విపత్తు కంట్రోల్ రూములు 1070, 1077 కూడా. నగదు తప్పనిసరి. అప్పుడు ఏటీఎంలు పనిచేయలేదు, ఇప్పుడైతే అందరం ఫోనులోని డబ్బు మీదే ఉన్నాం. ఐదు వందల నోట్లు కాదు, పదులు, ఇరవైలు.

కిటికీ అద్దాలకి ఇంటూ గుర్తులా టేపు వేస్తే పగలవని చెబుతారు. నేను వేశాను, పగిలాయి, పెద్ద పెద్ద ముక్కలుగా. అద్దె ఇల్లు కాబట్టి ప్లైవుడ్డు బిగించడం మీకు కుదరకపోవచ్చు. కిటికీలు లేని నడవలోనో, బాత్రూములోనో పిల్లల్ని కూర్చోబెట్టి మధ్య తలుపులు వేసేయండి. జారుడు కిటికీల గాడిలోంచి నీళ్ళు ధారగా వస్తాయి, పాత తువ్వాళ్ళు కుక్కండి. ఇంకొకటి. హుద్‌హుద్ రోజు మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. అయిపోయిందని మేడ మీదికి వెళ్ళబోయాను. అత్తగారు చెయ్యి పట్టుకుని లాగారు, "ఇంకా అటు గాలి ఉంది, కూర్చో." తుఫాను కన్ను, అంటే నడిమధ్య గాలి లేని చోటు, మా మీదుగా పోతోంది. కాసేపటికి అంతే గాలి ఎదురు దిక్కునుంచి వచ్చి, అప్పటిదాకా నిలబడిన చెట్లను కూల్చింది.

తిండి గురించి కంగారు అక్కర్లేదు. అటుకులు, మరమరాలు, వేయించిన వేరుశెనగపప్పు, బెల్లం, కందిపొడి, ఆవకాయ. మన వంటిల్లు దీనికోసమే పుట్టినట్టు ఉంటుంది. గ్యాస్ ఉన్నంతవరకు నేను పదహారు ఇటుకలతో కట్టిన రాకెట్ పొయ్యి అవసరమే పడలేదు. ఓసారి వెలిగిస్తే తడి పుల్లలతో పొగ తప్ప ఏమీ రాలేదు. బొగ్గుల కుంపటి గానీ, జనరేటరు గానీ మూసిన గదిలో పెట్టకండి. వాటినుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అత్తగారికి ఇన్సులిన్. ఫ్రిజ్ ఆగిపోతే ఏమిటని రెండు కుండలు, మధ్యలో తడి ఇసుక పెట్టి చల్లబరిచే పద్ధతి చేశాను. రాయలసీమ ఎండలో బాగా పనిచేస్తుందేమో గానీ, మా ఉక్కపోతలో ఆ తడి ఆరనే ఆరదు, అంతగా చల్లబడలేదు. వాడుతున్న ఇన్సులిన్ మామూలు గదిలో, 30 డిగ్రీల లోపు, చాలా రకాలు నాలుగు వారాల దాకా ఉంటాయి. మీ రకం సంగతి డాక్టరుని ముందే అడిగి పెట్టుకోండి. మిగిలిన మందులు కూడా పది రోజులవి ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లాలు, అవి లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చిన్న చెంచాతో, తలకొట్టి కొలవాలి.

ఇదంతా గాలికి. వరద పద్ధతి వేరు, అది మా మరదలు దగ్గర నేర్చుకున్నాం. విజయవాడ సింగ్‌నగర్‌లో కింది వాటా వాళ్ళది. 2024 సెప్టెంబరు 1, మళ్ళీ ఆదివారమే. బుడమేరుకు గండ్లు పడి నీళ్ళు ఇళ్ళలోకి వచ్చేశాయి. ఇన్వర్టర్, దాని బ్యాటరీ, బియ్యం డబ్బా, సర్టిఫికెట్ల బీరువా, అన్నీ నేల మీదే. పైవాళ్ళ వాటాలో మూడు రాత్రులు గడిపారు, పడవల మీద, డ్రోన్ల మీద అన్నం పొట్లాలు వచ్చేదాకా. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం ముగ్గురికి రెండు సీసాలు. కాగితాలకి ఆమె ఇప్పుడు ఖాళీ పెయింటు బకెట్టు వాడుతోంది, ఇరవై లీటర్లది. మూత రబ్బరుతో బిగుసుకుంటుంది, అందులో కాగితాలు ఇంకో ప్లాస్టిక్ కవర్లో. నీళ్ళలో పడినా తేలుతుంది. పెయింటర్లని అడిగితే ఊరికే ఇస్తారు.

ఆడవాళ్ళు ఎవరూ బయటికి చెప్పుకోలేని ఇబ్బంది మరుగుదొడ్డి. వరదలో కింది అంతస్తుల్లో కమోడ్‌లోంచి మురుగు వెనక్కి తన్నుతుంది. ఇసుక నింపిన సంచిని గట్టి కవరులో పెట్టి కమోడ్‌లో కుక్కాలి, బాత్రూము తూము మీద ఇంకోటి. వాడకానికి మూత ఉన్న బకెట్టు, లోపల నల్ల కవరు, ప్రతిసారీ గుప్పెడు బూడిదో రంపపు పొట్టో. వినడానికి ఎలాగో ఉంటుంది గానీ, ఆరుగురున్న ఇంట్లో రెండో రోజుకి దీని విలువ తెలుస్తుంది. నీళ్ళు తీశాక చెప్పుల స్టాండు, మంచాల కింద కర్రతో తట్టి చూడకుండా చెయ్యి పెట్టకండి, పాములు ఉంటాయి. తడిసిన స్విచ్చిబోర్డులు ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయొద్దు.

మీది రెండో అంతస్తు కాబట్టి నీళ్ళు మీ దాకా రాకపోవచ్చు, కింది వాటాల వాళ్ళు మీ దగ్గరికి వస్తారు. టిన్నులు లెక్కేసేటప్పుడు వాళ్ళనీ కలుపుకోండి. మరొక్క చిన్న పని ఇవాళే చేయండి. మీ ఓనరుని మేడ తాళం చెవి ఇంకోటి అడిగి తీసుకోండి. మా మరదలు వాళ్ళ బిల్డింగులో పైకి వెళ్ళే తలుపుకి తాళం, చెవి హైదరాబాదులో ఉన్న ఓనరు దగ్గర. రోకలితో పగలగొట్టారు.